బెజవాడలో ‘లాకులు’ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

కాలవగట్టు — ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నిన్న మా అమ్మాయితో ఆటోలో వస్తుంటే డ్రైవరు “ఏలూరు లాకుల దగ్గర ఆపనా?” అన్నాడు. ఐదో క్లాసు పిల్ల. “లాకు అంటే తాళం కదా నాన్నా, ఇక్కడ తాళం ఎక్కడుంది?” అని అడిగింది. నలభై ఏళ్ళుగా బందరు లాకులు, ఏలూరు లాకులు అంటూ తిరుగుతున్నాను. పడవలకు సంబంధించినదని మాత్రం తెలుసు, అంతకుమించి చెప్పలేకపోయాను. తెలిసిన పెద్దలెవరైనా వివరంగా చెప్పండి. లాకులతో పాటు మన ఊరి పాత కట్టడాల గురించీ, పాత ప్రయాణాల గురించీ ఏం తెలిసినా రాయండి. పిల్లకు చదివి వినిపిస్తాను.

వన్‌టౌన్ వాసి — ఉదయం 8:32

మంచి ప్రశ్న. మన కాలవలన్నీ కాటన్ దొర ప్రకాశం బ్యారేజీ కట్టినప్పుడు తవ్వించినవే. అప్పట్లో వాటిలో పడవలు తిరిగేవి.

లస్కరు మనవడు — ఉదయం 9:05

వన్‌టౌన్ వాసి గారూ, చిన్న సవరణ. బ్యారేజీ వేరు, ఆనకట్ట వేరు. కాటన్ దొర ప్రణాళిక వేసిన ఆనకట్టను 1852 నుంచి 1855 మధ్య దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. దాదాపు నూరేళ్ళు వాడుకున్న ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. ఆ తర్వాత, 1954లో మొదలుపెట్టి, దానికి కాస్త ఎగువన ఇప్పటి బ్యారేజీ కట్టారు. 70 గేట్లు. 1957 డిసెంబర్ 24న ప్రారంభమైంది. ప్రకాశం పంతులు గారు అదే ఏడాది మే నెలలో పోయారు, ఆయన పేరే పెట్టారు.

ఇక లాకుల సంగతి. మా తాతయ్య కాలవల మీద లస్కరుగా చేశారు. లాకు తలుపులు తీయడం, మూయడం, గట్లు చూసుకోవడం, నీటి మట్టం రాసిపెట్టడం ఆయన పని. ఆయన చెప్పిందే రాస్తాను.

ఆనకట్ట ఎగువన ఏటి నీళ్ళు ఎత్తులో ఆగి ఉంటాయి. కాలవలో నీళ్ళు పల్లంలో ఉంటాయి. పొలాలకైతే తలుపు ఎత్తితే చాలు, నీళ్ళు దూకుతాయి. వంద బస్తాల పడవ అలా దూకలేదు కదా. అందుకని రాతి గోడల మధ్య పొడుగాటి తొట్టిలాంటిది కట్టి, దానికి పైన ఒక జత, కింద ఒక జత తలుపులు పెట్టారు. ఆ తొట్టే లాకు. పడవ పై తలుపుల్లోంచి లోపలికి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. కింది తలుపుల దగ్గర ఉన్న చిన్న తూములు తీస్తే తొట్టిలో నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి, వాటితో పాటే పడవా దిగుతుంది. రెండు పక్కలా మట్టం సమానమయ్యాక కింది తలుపులు తెరుస్తారు. పడవ కాలవలోకి వెళ్ళిపోతుంది. మెట్లు లేకుండా మెట్లు దిగడమన్నమాట.

ఇందులో మా తాతయ్య ఎప్పుడూ మెచ్చుకునే విషయం ఒకటుంది. రెండు తలుపులూ తిన్నగా మూసుకోవు. ఏటి వైపుకి కోసు వచ్చేలా కలుసుకుంటాయి. నీళ్ళు ఎంత గట్టిగా నెడితే అంత బిగుసుకుంటాయి. గడియ లేదు, బోల్టు లేదు. “నీళ్ళ బరువే తాళం రా” అనేవారు. పాపకు అదే చెప్పండి, తాళం ఉంది, అది నీళ్ళే.

తెనాలి అమ్మాయి — ఉదయం 9:40

ఎంత బాగా చెప్పారండీ! మా తెనాలి వైపు కూడా లాకులున్నాయి. ఒక సందేహం. బెజవాడ నుంచి మద్రాసు దాకా పడవలో వెళ్ళేవారని మా అమ్మమ్మ చెప్పేది. మధ్యలో కృష్ణ ఉంది కదా, ఈ పక్క కాలవలోంచి ఆ పక్క కాలవలోకి ఎలా వెళ్ళేవారు?

లస్కరు మనవడు — ఉదయం 10:15

ఏటిని దాటే వెళ్ళేవారమ్మా. ఆనకట్ట వెనక నీళ్ళు చెరువులా నిలకడగా ఉండేవి కాబట్టి అది కుదిరింది. కాకినాడలో బయల్దేరిన పడవ గోదావరి కాలవల మీదుగా ఏలూరు చేరుతుంది. అక్కణ్ణుంచి ఏలూరు కాలవ పట్టుకుని బెజవాడ. ఇక్కడ లాకు ఎక్కి ఏట్లోకి వచ్చి, ఎదురుగా సీతానగరం వైపు పోయి, పడమటి కాలవలోకి దిగుతుంది. దుగ్గిరాల, కొమ్మమూరు కాలవ, పెదగంజాం. పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవ అందుకుంటే ఇక సముద్రం పక్కనే మద్రాసు దాకా, ఆపైన పుదుచ్చేరి వైపుకి. గోదావరి, కృష్ణ రెండింటినీ దాటి మద్రాసు చేరే నీటి బాట అది, మధ్యలో బెజవాడ.

గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే కళాసీలు గట్టు దిగి, నడుముకు తాడు కట్టుకుని లాగేవారు. సరంగు చుక్కాని దగ్గర కూర్చునేవాడు. కాలవ గట్టు మీద అంత వెడల్పు దారి వదిలింది లాగేవాళ్ళ కోసమే. ఈ రోజు మనం ఉదయం నడకకు వెళ్ళే చాలా కాలవ గట్లు ఆ కాళ్ళు తొక్కిన దారులే.

ధాన్యం, ఉప్పు, సర్వి కట్టెలు, బెల్లం, జనం, అన్నీ పడవల్లోనే. వేసవిలో మరమ్మతులకు కాలవలు కట్టేస్తే పడవలు ఎక్కడివక్కడే ఆగిపోయేవి.

బెజవాడ వకీలు — ఉదయం 11:02

ఆనకట్ట ఎందుకు కట్టారో కూడా ఒక మాట రాయాలి. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు తినేసింది. ఏరు పక్కనే పారుతున్నా పొలం ఎక్కించే దారి లేక ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఈ పక్క ఇంద్రకీలాద్రి, ఆ పక్క సీతానగరం కొండ, మధ్యలో ఏరు ఇరుకవుతుంది. కట్టడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు, రాయి కూడా పక్క కొండల్లోనే ఉంది. ఇవన్నీ కలిసొచ్చే బెజవాడను ఎంచుకున్నారు. కనకదుర్గమ్మ కొండ కింది యాత్రాస్థలం ఆ తర్వాతే వ్యాపారానికి కూడలి అయింది. 1888లో మునిసిపాలిటీ వచ్చింది.

వన్‌టౌన్ వాసి — ఉదయం 11:20

సవరణకు కృతజ్ఞతలు లస్కరు మనవడు గారూ. ఓర్ అన్న పేరు చూడగానే గుర్తొచ్చింది. మా నాన్నగారు గాంధీ కొండను ‘ఓర్ కొండ’ అనేవారు. నేను ‘ఆ కొండ’ అంటున్నారేమో అనుకునేవాణ్ణి! దొర పేరని ఇవాళే తెలిసింది.

బెజవాడ వకీలు — ఉదయం 11:31

అవునండీ, పాత పేరు అదే. ఆ కొండ మీద 52 అడుగుల గాంధీ స్తూపం కట్టి, 1968 అక్టోబర్ 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారి చేత ఆవిష్కరింపజేశారు. పేరు మారింది అప్పటినుంచే. చిన్నప్పుడు కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు ఎక్కినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు.

మీటర్‌గేజ్ — మధ్యాహ్నం 12:45

రైలు మాట వచ్చింది కాబట్టి నేనూ చేరతాను. పడవల్ని పక్కకు నెట్టింది రైలే. అదీ ఒక్క దిక్కు నుంచి రాలేదు.

ముందు వచ్చింది నిజాం రైలు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసిన లైను వరంగల్లు మీదుగా పొడిగించి 1889లో బెజవాడకు తెచ్చారు. సింగరేణి బొగ్గు ఆ దారినే దిగింది. తర్వాత పడమటి నుంచి సదరన్ మరాఠా కంపెనీ వాళ్ళు గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డున తాడేపల్లి దాకా వచ్చారు. 1893లో ఏటి మీద రైలు వంతెన. అదే ఏడాది ఉత్తరాన ఈస్ట్ కోస్టు లైను. 1899లో మద్రాసు కలిసింది. 1900లో గోదావరి మీద హావ్‌లాక్ వంతెన తెరవడంతో కలకత్తా వైపూ దారి పడింది. పదేళ్ళు దాటీ దాటకముందే నాలుగు దిక్కుల పట్టాలు ఒక ఊళ్ళో కలిశాయి.

చాలామందికి తెలియని చిక్కు ఏమిటంటే, అన్ని పట్టాలూ ఒక వెడల్పు కాదు. నిజాం లైను, మద్రాసు లైను బ్రాడ్‌గేజి. గుంటూరు నుంచి వచ్చేది మీటర్‌గేజి. 1908లో వేసిన బందరు లైను కూడా మీటర్‌గేజే. అంటే బందరులో ఎక్కించిన బస్తా మద్రాసు వెళ్ళాలంటే బెజవాడలో ఒక పెట్టెలోంచి దింపి ఇంకో పెట్టెలో ఎక్కించాలి. కూలీలు, గోడౌన్లు, కమీషను దుకాణాలు, హోటళ్ళు, అన్నిటికీ పని దొరికింది. వన్‌టౌన్ వ్యాపారం అంతగా పెరగడానికి కాలవలు ఒక కారణమైతే, ఈ దింపుడు–ఎక్కింపుడు రెండో కారణమని నా గట్టి నమ్మకం.

పుస్తకాల పురుగు — మధ్యాహ్నం 1:10

మీటర్‌గేజ్ గారూ, మాది సత్యనారాయణపురం. ఆ బందరు రైలు మా వీధి చివర నుంచే వెళ్ళేదని అమ్మ అంటుంది. నిజమేనా? ఇప్పుడక్కడ పెద్ద రోడ్డే ఉంది.

మీటర్‌గేజ్ — మధ్యాహ్నం 1:38

నిజమే అమ్మా. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు అంటున్నదే ఆ పట్టాల దారి. పట్టాలు తీసేసి ఆ జాగాలో రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద నిలబడి ఒకసారి చూడండి. మన ఊళ్ళో ఏ పాత రోడ్డూ అంత వెడల్పుగా, అంత నునుపుగా వంపు తిరగదు. బండి గబుక్కున మలుపు తిరుగుతుంది, రైలు తిరగదు. అందుకే దూరం నుంచే మెల్లగా వంగుతూ వస్తుంది. రోడ్డు వేసినా ఆ వంపు పోలేదు.

పుస్తకాల పురుగు — మధ్యాహ్నం 1:55

ఇప్పుడే బాల్కనీలోకి వెళ్ళి చూశాను. మీరన్నట్టే ఉంది! అమ్మకు చూపిస్తే “గేటు వేస్తే స్కూలుకు ఆలస్యమయ్యేది, మేస్టారు ఊరుకునేవారు, ఆయనా గేటు దగ్గరే నిలబడేవారు కాబట్టి” అని చెప్పింది.

కృష్ణలంక కుర్రాడు — మధ్యాహ్నం 3:20

అన్నా, బస్సుల గురించి ఎవరూ రాయలేదేం? మా తాత యుద్ధం రోజుల్లో బస్సు క్లీనరు. అప్పుడు పెట్రోలుకు రేషను. బస్సుల్ని బొగ్గులతో నడిపేవారట. వెనకాల పెద్ద పీపా బిగించి, అందులో కట్టె బొగ్గులు పోసి, తగినంత గాలి తగలనీయకుండా మండిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను తిరిగేది. తెల్లారగట్ల బస్సు తీయాలంటే అంతకుముందే లేచి చక్రం తిప్పి గాలి కొట్టి బొగ్గు రాజేయడం మా తాత పని. చొక్కా ఎప్పుడూ నల్లగానే ఉండేదట. ఎత్తు వచ్చిందంటే ఇంజనుకు బలం చాలదు, జనం దిగి తోసేవారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు తోశారా తాతా అంటే, “తొయ్యకపోతే ఊరు చేరవు కదరా” అనేవాడు.

తాత పోయి పదేళ్ళయింది. ఆయన పనిచేసిన బస్సుల పాత కాగితాలేమైనా దొరుకుతాయేమోనని ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. చివరికి పాత రిజిస్టర్లన్నీ తూకానికి అమ్మేశామన్నారు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెనాలి అమ్మాయి — మధ్యాహ్నం 3:41

చాలా బాధగా ఉంది తమ్ముడూ. మీ తాతగారు చెప్పినవన్నీ నువ్వు ఒకచోట రాసిపెట్టు. రిజిస్టర్లో ఉండే సంగతుల కన్నా అవే ఎక్కువ.

బెజవాడ వకీలు — సాయంత్రం 4:30

కృష్ణలంక తమ్ముడూ, మన జిల్లా బస్సుల గురించి దేశమంతా లా కాలేజీల్లో చదువుతారని నీకు తెలుసా? కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

హైదరాబాదు సంస్థానంలో 1932లోనే నిజాం ప్రభుత్వం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో సర్కారు బస్సులు మొదలుపెట్టింది. కోస్తాలో మాత్రం అన్నీ ప్రైవేటు బస్సులే. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్లను ప్రభుత్వపరం చేస్తామని స్కీము ప్రకటించారు. బస్సుల యజమానులు అభ్యంతరాలు చెప్పుకున్నారు. ఆ అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి. స్కీమును ఖాయం చేసింది ముఖ్యమంత్రి. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు.

1958 నవంబర్ 5న తీర్పు వచ్చింది. రాసింది మన కోకా సుబ్బారావు గారు, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయనే. ఒకరు వాదన వింటే ఇంకొకరు నిర్ణయం చెబుతారా? ఎదురుగా నిలబడ్డ మనిషి మాట తీరు, ముఖం చూడనివాడు ఏం తేలుస్తాడు? అలాంటి విచారణ ఉత్త తంతు అని తేల్చి, స్కీమును కొట్టేశారు. విన్నవారే నిర్ణయించాలన్న సూత్రానికి ఈ దేశంలో ఈ రోజుకీ ముందు చెప్పే కేసు అదే.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విని మళ్ళీ ఖాయం చేశారు. యజమానులు మళ్ళీ ఢిల్లీ వెళ్ళారు. ముఖ్యమంత్రి ముందే మనసులో నిశ్చయించుకున్నారన్నది వాళ్ళ వాదన. 1959లో ఆ వాదన నిలవలేదు. మన రోడ్ల మీద ఎర్ర బస్సు అలా వచ్చింది. నేను ఈ కేసు చదివిన రోజున క్లాసులో లేచి “ఇది మా ఊరి బస్సుల కేసండీ” అని చెప్పాను. ఇప్పటికీ చెప్పేటప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది.

కృష్ణలంక కుర్రాడు — సాయంత్రం 4:52

వకీలు గారూ, రెండుసార్లు చదివాను. తాత ఉంటే ఎంత సంతోషించేవాడో. మేము బస్సులో వెళ్తున్నప్పుడు “ఈ రూటు కోర్టుకెళ్ళి వచ్చిందిరా” అనేవాడు. ఏదో పర్మిట్ గొడవ అనుకునేవాణ్ణి. ఈ మాటే అన్నమాట ఆయన చెప్పింది.

దూరాన ఉన్నా — రాత్రి 7:15

డల్లాస్ నుంచి రాస్తున్నాను. మాది లబ్బీపేట. బందరు రోడ్డు మీద విక్టోరియా మ్యూజియం గురించి ఎవరైనా రాయండి. పింగళి వెంకయ్య గారు జెండా ఇచ్చింది అక్కడేనని మా పిల్లలకు చెప్పాను, తప్పు చెప్పలేదు కదా?

పుస్తకాల పురుగు — రాత్రి 7:48

తప్పు చెప్పలేదండి. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1887 జూన్ 27న కలెక్టరు రాబర్ట్ సెవెల్ దానికి శంకుస్థాపన చేశాడు. విజయనగర చరిత్ర మీద పరిశోధన చేసిన సెవెల్ ఆయనే. అప్పుడది మ్యూజియం కాదు, పరిశ్రమల వస్తు ప్రదర్శనశాల. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అక్కడే జరిగింది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం ఆ బెజవాడ సమావేశానిదే. వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో జెండా చూపిస్తే గాంధీజీ తెలుపు కూడా చేర్చమన్నారు. రాణి గారి పేరిట కట్టిన ఇంట్లోనే ఆమె వంశం పాలన వద్దనే జెండా పుట్టింది. 1962లో మ్యూజియం అయింది, 2020లో బాగుచేసి బాపు మ్యూజియం పేరుతో తెరిచారు.

గ్రంథాలయాల మాట కూడా చెప్పి వెళ్తాను, నా ప్రాణం అక్కడే ఉంటుంది. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా మొదటిసారి మహాసభగా కలుసుకున్నది బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక ఉన్న మనిషి. తర్వాత కృష్ణా కాలవల్లో పడవల మీద పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. పడవ గ్రంథాలయం! ఈ చర్చ అంతా చదువుతుంటే నాకు ఆ పడవే కళ్ళముందు తిరుగుతోంది.

మధురానగర్ మావయ్య — రాత్రి 8:20

ఇవన్నీ బాగున్నాయి. కాని నాకు కాలవల గురించి ఒక ఆవేదన ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చాయి. అదే సమయాన బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా చెల్లెలి ఇంట్లో మేడ మీద మూడు రోజులు గడిపాం. పాలు, మందులు అన్నీ పడవల మీదే వచ్చాయి. నీటికి దారి వదలకుండా ఊరు కట్టుకున్నాం. మా చిన్నప్పుడు రైవస్ కాలవలో ఈత నేర్చుకున్నాం, నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉండేవి. ఇప్పుడు వంతెన మీంచి చెత్త సంచులు విసురుతుంటే ఆపి చెబుతున్నాను, కొందరు వింటారు, కొందరు తిడతారు. చెప్పడం మాత్రం మానను.

లస్కరు మనవడు — రాత్రి 8:44

మీరు ఆపినప్పుడు నన్నూ పిలవండి మావయ్యా, నేనూ వస్తాను. ఏలూరు, బందరు, రైవస్ మూడూ ఊరి మధ్యలోంచే వెళ్తున్నాయి. కృష్ణా తూర్పు డెల్టా తినే అన్నానికి నీళ్ళు వీటిలోనే పోతాయి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలవల్ని, గోదావరి, కృష్ణలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పడవలు మళ్ళీ తిరుగుతాయని ఆ రోజు మా ఇంట్లో పాయసం చేశారు. పాత లాకుల్ని కూల్చకుండా బాగుచేస్తే బాగుండునని నా ఆశ.

కాలవగట్టు — రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి దండం. పొద్దున ఒక్క మాట అడిగితే ఇంత దొరికింది. మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను. బొగ్గుల బస్సు దగ్గర చక్రం ఎలా తిప్పేవారో చేతులతో చేసి చూపించమంది. లాకు బొమ్మ గీసుకుంది. గీశాక ఇంకో ప్రశ్న వేసింది, లస్కరు మనవడు గారే చెప్పాలి. “దిగేటప్పుడు సరే, మద్రాసు వెళ్ళే పడవ కాలవలోంచి ఏట్లోకి ఎక్కాలి కదా. నీళ్ళు పైకి పారవు, పడవ ఎలా ఎక్కుతుంది?”

లస్కరు మనవడు — రాత్రి 9:52

పాప బాగా పట్టుకుంది! నీళ్ళు పైకి పారక్కర్లేదమ్మా, పైనుంచి వస్తే చాలు. కాలవలోంచి పడవ కింది తలుపుల్లోంచి తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. ఈసారి పైనున్న తూములు తీస్తారు. ఏటి నీళ్ళు తొట్టిలోకి వచ్చి నిండుతుంటే పడవ తేలుతూ తేలుతూ లేస్తుంది. అప్పుడు పడవను తాళ్ళతో గట్టున ఉన్న రాతి గుంజలకు కట్టి పట్టుకోవాలి, లేకపోతే నీళ్ళ ఊపుకి గోడకు కొట్టుకుంటుంది. మా తాతయ్య కాలి మీద మచ్చ ఆ తాడు ఒరిపిడిదే. తొట్టి ఏటితో సమానంగా నిండాక పై తలుపులు చేత్తో నెడితే తెరుచుకుంటాయి. అంతకుముందు పది మంది నెట్టినా కదలవు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు బందరు లాకుల దగ్గర ఉంటాను. పాపను తీసుకురండి, ఆ బొమ్మ కూడా.